ఉత్తమ పౌరముఖం

దీనంతటికీ మూలం క్రికెట్. ఆ రోజు మ్యాచ్ ఎవరు గెలిచారో నాకు గుర్తులేదు కానీ, ఓడిపోయింది మాత్రం మా మునిసిపాలిటీ.

విశాఖపట్నానికీ శ్రీకాకుళానికీ మధ్య ఎక్కడో మా ఊరు. పేరు చెబితే మెమో వస్తుంది కాబట్టి చెప్పను. అక్కడి పురపాలక కార్యాలయంలో నేను మూడో కౌంటరు గుమాస్తాని. వీధి బండ్లకి గుర్తింపు కార్డులివ్వడం నా పని. పక్కన రెండో కౌంటరులో తవిటినాయుడు కుళాయి కనెక్షన్లు చూస్తాడు. మనిషి పనిమంతుడే. కాకపోతే మ్యాచ్ ఉన్న రోజున కంప్యూటరు తెరకి కుడివైపు కింది మూలన చిన్న కిటికీలో ఆట పెట్టుకుంటాడు. మిగతా తెర మీద ఎన్ని ఫైళ్ళు తెరిచినా, ఎన్ని మూసినా ఆ చిన్న కిటికీ మాత్రం అన్నిటికీ పైనే ఉండిపోతుంది. దేని కిందకీ పోదు. అటు కుళాయీ ఆగదు, ఇటు ఆటా ఆగదు.

ఆ రోజు కమిషనర్ శశిభూషణ్ గారు చప్పుడు చెయ్యకుండా వచ్చి తవిటినాయుడు వెనక నిలబడ్డారు. అంతకుముందు వారమే ఆయన ఒకేసారి పది పనులు చెయ్యడం ఎలా అనే శిక్షణకి వెళ్ళి, మెడలో బ్యాడ్జీ తాడుతో, చేతిలో సంచితో తిరిగొచ్చారు. నాయుడి ఉద్యోగం పోయినట్టేనని నేను మనసులో అనుకున్నాను. కమిషనర్ గారు తిట్టలేదు. రెండు ఓవర్లు అలాగే నిలబడి చూశారు. ఆ తరవాత, ఇదెందుకు పోవడం లేదు అని అడిగారు. నాయుడు కంగారుపడి, పిచ్ బాగుంది సార్, అందుకే వికెట్ పోవట్లేదు అన్నాడు. ఆయన అడిగింది కిటికీ గురించి.

సాయంత్రానికి సర్క్యులర్ వచ్చింది.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, బహుళ కార్యనిర్వహణలో నిమగ్నమైన ఉద్యోగి దృష్టిపథము నుండి పౌరుడు అదృశ్యమగుచున్నట్లు గమనించడమైనది. ఆటగాని ముఖము అహర్నిశలు తెరపై నిలువగలిగినప్పుడు పౌరుని ముఖము ఏల నిలువరాదు? కావున ఇకపై కౌంటరు ఎదుట ఆసీనుడైన పౌరుని ముఖము, సంబంధిత ఉద్యోగి తెరపై, సర్వావస్థలయందును, అన్ని కిటికీలకు మీదుగా ప్రదర్శింపబడును. దానిని కదుపుట, కుదించుట, కప్పుట, మూయుట క్రమశిక్షణా చర్యకు దారితీయును."

పథకానికి 'పౌర సన్ముఖం' అని పేరు పెట్టారు. మేం మొగం కిటికీ అనుకునేవాళ్ళం. కౌంటరుకొక కెమెరా బిగించారు. జనం కుర్చీలో కూర్చోగానే వాళ్ళ ముఖం మా తెర మీద మూలన వెలిగేది.

నిజం చెప్పొద్దూ, మొదటి గంట బాగానే ఉంది. అన్నేళ్ళ సర్వీసులో జనం ముఖాలు అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. అప్పటిదాకా నాకు తెలిసినవి కాగితం అందించే చేతులే. తవిటినాయుడైతే మనిషి ఎదురుగా కూర్చున్నా తల ఎత్తకుండా కిటికీలోని ముఖంతోనే మాట్లాడసాగాడు. వచ్చినవాళ్ళు కూడా జేబు దువ్వెన తీసి తల దువ్వుకుని మరీ కూర్చునేవాళ్ళు.

గంట తరవాత అసలు సంగతి బయటపడింది. మా తెర మీద ఏ దరఖాస్తు తెరిచినా అడుగున రెండు బటన్లుంటాయి. ఎడమవైపు ఎర్రటిది 'తిరస్కరించు'. కుడివైపు పచ్చటిది 'ఆమోదించు'. పౌరుడి ముఖం సరిగ్గా ఆ పచ్చ బటన్ మీద కూర్చుంది. దాన్ని ఎలా నొక్కినా ముఖం మీదే నొక్కినట్టవుతుంది, పని మాత్రం జరగదు. పొరపాటున ఎవరూ మంజూరు చెయ్యకుండా ఆ బటన్‌ని మౌసుతో తప్ప నొక్కడానికి వీల్లేకుండా ఎప్పుడో కట్టడి చేశారు. అంటే, ఎవరి పని జరగాలో వాళ్ళ ముఖమే వాళ్ళకి అడ్డం.

మా మేనేజర్ జోగారావు గారితో చెప్పాను. ఆయన రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నారు. మెమో అన్న మాట వింటేనే ఆయనకి చెమట పడుతుంది.

"బటన్ కనిపించకపోతే వచ్చిన నష్టం ఏటి సన్యాసిరావూ? మనిషి కనిపిస్తన్నాడు గదా," అన్నారు.

కనిపించే మనిషికి కుళాయి కావాలి సార్ అన్నాను. ఆయన నిట్టూర్చి ఫైలు పైకి పంపారు. కిటికీని బొటనవేలంత పక్కకి జరపమని అడిగితే, కెమెరాలు బిగించిన కంపెనీ వాళ్ళు దానికి కొత్త టెండరు పిలవాలన్నారు. పెద్ద తెర ఇప్పించండన్నాం. ఇప్పించారు. తెరతో పాటు ముఖమూ పెద్దదైంది. చివరికి ఫైలు మీద కమిషనర్ గారు స్వయంగా రాసి పంపారు: "ఆమోదము యాంత్రికము. ఆదరము మానవీయము. యాంత్రికమగు దాని కొరకు మానవీయమగు దానిని త్యజింపరాదు."

దాన్ని జోగారావు గారు ఫ్రేము కట్టించి గోడకి తగిలించారు.

అలా కొన్నాళ్ళు ఆదరంతోనే నెట్టుకొచ్చాం. ఒకరోజు నాయుడి ముందు కూర్చున్న పెద్దమనిషి కళ్ళజోడు పెట్టె కింద పడింది. ఆయన తీసుకోవడానికి ఒంగాడు. కెమెరాకి ముఖం అందలేదు. కిటికీ మాయమై, పచ్చ బటన్ పండగ దీపంలా బయటపడింది. తవిటినాయుడి చెయ్యి దానంతటదే కదిలింది. ఆయన లేచేసరికి కుళాయి మంజూరైపోయింది.

మర్నాటి నుంచి ఆఫీసులో అదే పద్ధతి. లేచి వెళ్ళిపోతే కుదరదు, పౌరుడు విరమించుకున్నాడని యంత్రం దరఖాస్తుని మొదటికి తెస్తుంది. ఒంగితే మాత్రం దగ్గో తుమ్మో అనుకుని కాసేపు ఊరుకుంటుంది. అందుకని కాగితాలన్నీ చూశాక, ఇక ఒంగండి అనేవాళ్ళం. జనం ఒంగేవాళ్ళు. మేం నొక్కేవాళ్ళం. బయట టీ కొట్టు దగ్గర బ్రోకర్లు, ఎంతసేపు ఒంగాలో, ఏ కౌంటరు దగ్గర ఎంత కిందకి ఒంగాలో నేర్పడం మొదలుపెట్టారు. నా కౌంటరు కెమెరా కాస్త కిందకి ఉంది. నా దగ్గరికొచ్చేవాళ్ళు మోకాళ్ళకి నుదురు ఆనించాల్సి వచ్చేది.

ఇదంతా కమిషనర్ గారు తన గాజు గదిలోంచి చూశారు. కౌంటరు కౌంటరుకీ జనం వరసగా తలలు వంచుతున్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి. పౌరులు కృతజ్ఞతాభారంతో సిబ్బందికి ప్రణమిల్లుతున్నారని, ఇట్టి దృశ్యము పాలనా చరిత్రలో అపూర్వమని పైకి నివేదిక పంపారు. మిగతా ఊళ్ళ నుంచి అధికారులు చూడ్డానికొచ్చారు. వచ్చినవాళ్ళ ముందు కూడా జనం చక్కగా ఒంగి చూపించారు.

అసిరమ్మ మొదటిసారి నా కౌంటరుకి వచ్చింది ఆ రోజుల్లోనే. బస్సు కాంప్లెక్సు ఎదుట గోడ వారన ఆవిడకి పుణుగులూ అట్లూ వేసే తోపుడు బండి ఉంది. మొగుడు పోయాక ఆ బండే ఆవిడ ఇల్లూ వాకిలీ. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి కార్డు లేని బండి కనిపిస్తే వ్యాను ఎక్కించేస్తామని మా వాళ్ళే మైకులో చెప్పారు. మరి కార్డు ఇవ్వాల్సింది కూడా మా వాళ్ళే, అంటే నేనే. ఆవిడ కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇక ఒంగమ్మా అన్నాను.

"నాను ఒంగలేను బాబూ. నడుం పట్టీ ఏసీసినారు డాట్రుగారు. ఒంగితే మరి నెగలేను," అంది.

చీర మీదుగా నడుముకి బిగించిన వెడల్పాటి పట్టీ చూపించింది. నా కెమెరాయే అన్నిటికంటే కిందకి ఉందాయె. కొంచెం ఆలోచించి, పోనీ కొంగు ముఖం మీదుగా వేసుకోమన్నాను. వేసుకుంది. కిటికీ పోయింది. సరిగ్గా అప్పుడే సర్వర్ కూడా పోయింది. రేపు రా అమ్మా అన్నాను. మా ఆఫీసులో అది అబద్ధం చెప్పాలని అనే మాట కాదు, నిజంగానే రేపు చేసేద్దామనుకున్నాను.

ఆ మర్నాడు పేపర్లో ఫొటో పడింది. గుమాస్తాల ముందు మోకాళ్ళకి తల ఆనించిన జనం, పైన 'మళ్ళీ జమీందారీ?' అని పెద్దక్షరాలు. ప్రతిపక్షం కౌన్సిలర్లు గేటు ముందు ధర్నాకి దిగారు. కమిషనర్ గారు రెండో సర్క్యులర్ ఇచ్చారు. దాని పేరు ఆత్మగౌరవ ఉత్తర్వు.

"పౌరుడు ఎట్టి పరిస్థితిలోను శిరస్సు వంచరాదు. వంగుటకు వీలులేకుండునట్లు ప్రతి కుర్చీ ముందు వక్షస్థలము ఎత్తున ఇనుప కడ్డీ అమర్చబడును. పౌరుని వద్ద నుండి ఏదేని వస్తువు జారిపడినచో అటెండరు తీసి ఇచ్చును. ముఖము ఒక్క క్షణము తెరపై లోపించినను సదరు కౌంటరు స్తంభించును. కమిషనర్ వారి ఫోనునకు హెచ్చరిక వచ్చును. వారు సమ్మతించిన పిమ్మటనే కౌంటరు తిరిగి పనిచేయును."

ఆయన ఎప్పుడూ సమ్మతించరు. ముఖం ఎందుకు పోయిందో ముందు రాతపూర్వకంగా చెప్పమంటారు. తవిటినాయుడు కెమెరాకి అడ్డంగా క్యాలెండరు తగిలించి చూశాడు. మధ్యాహ్నానికి మెమో అందుకున్నాడు.

అంటే ఇప్పుడు ఒంగడానికి లేదు, కప్పుకోవడానికి లేదు, లేచి వెళ్ళడానికి లేదు. ఆమోదానికి దారి మూసుకుపోయింది. ఎర్ర బటన్ ఒక్కటే ఏ అడ్డూ లేకుండా కళ్ళముందు నిగనిగలాడుతోంది. అప్పుడు జోగారావు గారు నన్నూ నాయుణ్ణీ పిలిచి, పెండింగు అనేది ఉండకూడదు, ఉంటే మెమో, అని గుర్తుచేశారు. ఆయన మాట మాకు అర్థమైంది. ఎర్రది నొక్కడం మొదలుపెట్టాం. ఏ రోజు కాగితం ఆ రోజే పరిష్కారం. పరిష్కారాల్లో మా ఊరు జిల్లాకే మొదటి స్థానానికి వచ్చేసింది. కుళాయి దొరకనివాళ్ళు మర్నాడు మళ్ళీ దరఖాస్తు పెట్టేవాళ్ళు కాబట్టి దరఖాస్తులూ రెట్టింపయ్యాయి. ప్రజల్లో మన మీద నమ్మకం ఎంత పెరుగుతోందో చూశారా అని కమిషనర్ గారు మీటింగులో అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం.

నేనూ కొట్టాను. కానీ అసిరమ్మ దరఖాస్తు దగ్గర మాత్రం నా చెయ్యి ఎర్ర బటన్ దాకా పోయి ఆగిపోయేది. కుళాయిల్లా కాదు, బండి కార్డు ఒకసారి తిరస్కరిస్తే మళ్ళీ ఏడాది దాకా అడగడానికి లేదు. ఏడాది దాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. నేను ఏ వంకో పెట్టి, పెండింగు లెక్కలోకి రాకుండా 'పరిశీలనలో ఉంది' అని తోసేసి, మళ్ళీ రమ్మనేవాణ్ణి. ఎర్ర బటన్ పడిన మిగతా బండ్లవాళ్ళు రావడం మానేశారు. ఆవిడ మాత్రం పొద్దుటి అట్ల బేరం అవగానే వచ్చి, ఇనుప కడ్డీ వెనక నిటారుగా కూర్చునేది. ఆవిడ ముఖం నా తెర మీద మధ్యాహ్నం దాకా ఉండేది. నుదుటి మీద పొయ్యి సెగకి నల్లబడిన చోటూ, రెప్ప మీది చిన్న పుట్టుమచ్చా నాకు కంఠతా వచ్చేశాయి. తల ఎత్తితే ఎదురుగా అదే ముఖం. సిగ్గుతో తల దించుకుంటే తెర మీద కూడా అదే ముఖం. ఒకటో తారీకు దగ్గరపడుతోంది. నాకు నిద్ర సరిగ్గా పట్టేది కాదు.

"నీ తప్పేటుంది బాబూ. నా మొగమే ఇంతున్నాది," అని నవ్వేది ఆవిడ.

ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండిపోయేది నాకు. ఆవిడ మీద కాదు.

పథకం విజయోత్సవం చెయ్యాలని కమిషనర్ గారికి బుద్ధి పుట్టింది. ఉత్సవమంటే ఎవరినో ఒకరిని సన్మానించాలి. యంత్రాన్ని అడిగారు, ఏ పౌరుడి ముఖం సిబ్బంది కళ్ళముందు అందరికంటే ఎక్కువసేపు నిలిచిందీ అని. యంత్రం అసిరమ్మ పేరు చెప్పింది. పని కానివాళ్ళలోకెల్లా ఎక్కువసార్లు వచ్చిన మనిషి ఆవిడే కదా. ఆవిడకి 'ఉత్తమ పౌరముఖం' బిరుదు ఖాయమైంది. సన్మానం నా కౌంటరు దగ్గరే, ఆవిడ రోజూ కూర్చునే కుర్చీలోనే జరగాలని, అలా అయితేనే సహజంగా ఉంటుందని ఆజ్ఞ.

ఆ రోజు ఒకటో తారీకుకి ముందు రోజు. హాలంతా మామిడాకులు కట్టారు. ఆవిడ ఉతికిన చీర కట్టుకుని, కడ్డీ వెనక బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. నేను తెర మీద ఆవిడ దరఖాస్తు తెరిచి ఉంచాను. ఎందుకు తెరిచానో నాకే తెలియదు. కమిషనర్ గారు పౌరుని ముఖము ప్రభుత్వమునకు దర్పణము అని మొదలుపెట్టి చాలాసేపు మాట్లాడారు. ఆ తరవాత శాలువా అందుకున్నారు. మామూలుగా అయితే శాలువా కప్పించుకునే మనిషి కాస్త ముందుకు ఒంగాలి. ఆవిడకి నడుం పట్టీ. పైగా కడ్డీ. పైగా ఉత్తర్వు. అందుకని కమిషనర్ గారే కడ్డీ ఇవతలి నుంచి మునివేళ్ళ మీద నిలబడి శాలువాని పైకి విసిరారు. అది భుజాల మీద పడాల్సింది, నెత్తి మీదుగా జారి ముఖమంతా కప్పేసింది.

నా తెర మీద కిటికీ మాయమైంది. పచ్చ బటన్ కనిపించింది. కౌంటరు స్తంభించింది. కమిషనర్ గారి జేబులో ఫోను గుయ్యిమని మోగింది.

ఫొటోగ్రాఫరు, సార్, శాలువా అలాగే పట్టుకోండి, ఒక్క క్షణం ఇటు చూడండి అన్నాడు. ఆయన ఒక చేత్తో శాలువా పట్టుకుని, కెమెరా వైపు నవ్వుతూ, రెండో చేత్తో ఫోను తీసి, దాని నోరు మూయించడానికి ఏది దొరికితే అది నొక్కారు. దొరికింది సమ్మతి బటనే. నా కౌంటరు మళ్ళీ కదిలింది. నేను నొక్కాను. జన్మలో ఏ బటన్నీ అంత గట్టిగా నొక్కలేదు. హాలంతా చప్పట్లు కొడుతుంటే ఆ సందట్లో నా వెనక ప్రింటరు అసిరమ్మ కార్డు బయటకి తోసింది.

దాన్ని ఆవిడ చేతిలో పెట్టాను. శాలువాకంటే దాన్నే ఎక్కువ జాగ్రత్తగా కొంగులో ముడేసుకుంది. మర్నాడు వ్యాను బస్సు కాంప్లెక్సు దగ్గరికొచ్చి చాలా బండ్లు ఎత్తుకుపోయింది. అసిరమ్మ కార్డు చూపించింది. వ్యానువాళ్ళు దణ్ణం పెట్టి పోయారు. ఆ పూట నేనూ తవిటినాయుడూ అక్కడ నిలబడి కడుపునిండా పుణుగులు తిన్నాం. ఉద్యోగంలో చేరాక ఒకరికి పని చేసిపెట్టానన్న సంతోషం నాకు అదే మొదటిసారి.

వారం తిరక్కుండా హోర్డింగు వచ్చింది. ఉత్తమ పౌరముఖాన్ని ఊరంతా చూడాలని, జనం ఎక్కువ తిరిగే చోట పెట్టాలని కమిషనర్ గారి ఆదేశం. జనం ఎక్కువ తిరిగేది బస్సు కాంప్లెక్సు ఎదుట. అక్కడ ఖాళీగా ఉన్నది అసిరమ్మ బండి వెనక గోడ. ఆ గోడకి నిలువెత్తున ఆవిడ ముఖం బిగించారు, నుదుటి మీది నలుపు తుడిచేసి, పుట్టుమచ్చ తీసేసి. కింద 'మీ ముఖం మా కళ్ళెదుటే' అని రాశారు. నిజంగా చాలా బాగుంది.

ఒక్కటే ఇబ్బంది. బండి మీది గొడుగు వల్ల హోర్డింగులో గడ్డం కనపడడం లేదు. పౌరుని ముఖాన్ని కప్పరాదని మొదటి సర్క్యులర్‌లోనే ఉంది కదా. వ్యాను మళ్ళీ వచ్చింది. ఈసారి కార్డు చూపిస్తే, కార్డు మంచిదేనమ్మా, చోటే మంచిది కాదు అన్నారు. పొయ్యి ఆర్పించి, బండి ఎక్కించేశారు. నాకు కబురొచ్చి పరిగెత్తుకెళ్ళేసరికి కమిషనర్ గారు కూడా ఆవిష్కరణకని వచ్చి ఉన్నారు. అసిరమ్మ పిండి గిన్నె ఒక్కటీ చంకన పెట్టుకుని గోడ వారన నిలబడి ఉంది.

ఇదంతా మీ గౌరవం కోసమేనమ్మా అని కమిషనర్ గారు ఎంతో మర్యాదగా చెప్పారు. ఆవిడ తల ఎత్తి పైనున్న ముఖాన్ని చాలాసేపు చూసింది.

"ఆ బొమ్మలో ఆవిడికి ఆకలుండదు బాబూ," అంది. "ఆకలి నాకున్నాది. నన్నెక్కడుండమంటారు?"

కమిషనర్ గారు నా వైపు తిరిగి, ఈ విషయమై అమ్మగారి దగ్గర దరఖాస్తు తీసుకోండి, రేపు కౌంటరుకి రమ్మనండి అన్నారు. అంత కోపం ఉండి కూడా నేను సరే సార్ అన్నాను.

ఈలోగా ఫొటోగ్రాఫరు రోడ్డుకి అవతల నిలబడి, కమిషనర్ గారినీ హోర్డింగునీ ఒకే ఫొటోలో పట్టడానికి తంటాలు పడుతున్నాడు. ఓ కన్ను మూసుకుని కెమెరాలోంచి చూసి, చెయ్యి ఊపాడు.

"అమ్మా, పిండి గిన్నె అమ్మా, కాస్త పక్కకి జరుగు. ముఖానికి అడ్డమొస్తున్నావు."

అసిరమ్మ పక్కకి జరిగింది.